వరద రాకమునుపే చేతిరేడియోను పరీక్షించుట

గోదావరి లంకలలో కాపురముండు మన సభ్యులకు వరద యనిన క్రొత్త సంగతి కాదు. 1986 ఆగస్టులో భద్రాచలమువద్ద నీటిమట్టము 75.6 అడుగులకు చేరినది. పెద్దలు నేటికిని ఆ మాట చెప్పుకొనుచుందురు. మరల 2022 జూలైలో అచ్చట 71.3 అడుగులు నమోదయ్యెను. ధవళేశ్వరము ఆనకట్టనుండి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రమునకు విడువబడెను. ఆనకట్టవద్ద 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరికయు, 13 లక్షలకు రెండవదియు, 17 లక్షలకు మూడవదియు నిత్తురని సభ్యులెల్ల రెరుగుదురు. ఆ యేట మూడవ హెచ్చరిక వెలువడిన రాత్రి మేము ఏటిగట్టుమీద నుంటిమి. చేతిలో సంఘమువారి చేతిరేడియో యుండెను. ఆ రాత్రి మాకు కలిగిన అవమానమే యీ పాఠమునకు కారణము.

మా సంఘము 2020 లో ఆరు చేతిరేడియోలను కొనెను. జనులు వీనినే వాకీటాకీ లందురు. లంకకు రెండు, రేవునకు ఒకటి, గట్టుమీది గోదామునకు ఒకటి, పడవకు ఒకటి ఇచ్చి, మిగిలినదానిని అక్కరకై దాచితిమి. వరదనాడు లంకలో కరెంటు పోయెను. సెల్ టవరు, దాని జెనరేటరులో డీజిలున్నంతసేపు పనిచేసి, తరువాత మూగవోయెను. చేతిరేడియో పని అప్పుడే గదా మొదలగునది! పల్లపు పాకలలో నున్న రెండు కుటుంబములను, వారి పశువులను గట్టునకు చేర్పవలసియుండగా, గోదాము యంత్రముతో పడవవానిని పిలుచుటకు మీట నొక్కితిమి. బాటరీ గుర్తులో నాలుగు గీతలును నిండుగా నుండెను. "పడవ, పడవ" యని రెండుమార్లనునంతలో దీపమారి యంత్రము చచ్చెను. మరల వెలిగించితిమి. నాలుగు గీతలును మరల కనబడెను. మరల మీట నొక్కితిమి, మరల చచ్చెను. ఇట్లు ఎన్నిమారు లయినదో లెక్కపెట్టలేదు. తుదకు రేవునుండి మరియొక యంత్రమును తెప్పించి పిలిచితిమి గాని, పడవనుండి బదులు రాలేదు. ఒక కుర్రవాడు చీకటిలో గట్టువెంట మైలున్నర పరుగెత్తి పడవవానిని కేకవేసి తీసికొని వచ్చెను. గంటన్నర ఆలస్యమయ్యెను. మనుష్యులందరు దక్కిరి. ఒక సభ్యుని రెండు చూడిగేదెలు కట్టుత్రాళ్లతోనే కొట్టుకొనిపోయినవి. అవి సంఘపు అప్పుతో కొన్న గేదెలు.

మరునాడు రెండు లోపములు బయటపడినవి. గోదాము యంత్రపు బాటరీ లోపల నశించియుండెను. పడవలోని యంత్రమునకు బాటరీ బాగుగనేయున్నను, ఇంటిలోని పిల్లవాడెవడో ఆటగా మీటలు నొక్కి అమరిక మార్చియుండెను. తప్పు యంత్రములది కాదు, పిల్లవానిదియు కాదు. ఎండకాలమంతయు గోదాము యంత్రమును ఛార్జరుమీదనే నిలిపియుంచినవారము మేమే. వరదకు ముందు ఒక్కసారియైనను ఆరు యంత్రములను ఒకచోట చేర్చి పరీక్షింపనివారమును మేమే.

గీతలు చెప్పునది, చెప్పనిది

బాటరీ గుర్తులోని గీతలు బలమును తెలుపునని పలువురి నమ్మకము. అది సగమే నిజము. మేము మిషను పాఠశాలలో చదువుకొనునాడు సైన్సు మాస్టరుగారు ఒక పాత టార్చి బిళ్లను బల్లమీద నుంచి వోల్టు మీటరుతో కొలిచి చూపిరి. ముల్లు ఒకటిన్నర వోల్టుకు చేరువగా నిలిచెను. తరువాత అదే బిళ్లకు చిన్న బల్బు తగిలించిరి. బల్బులోని తీగ ఎఱ్ఱబడెనే గాని వెలుగలేదు. కారణము వ్రాయుమనిరి. బల్బు చెడినదని వ్రాసి మేము సున్న తెచ్చుకొంటిమి. ఆ సున్న విలువ ముప్పదియేండ్ల తరువాత ఏటిగట్టుమీద తెలిసినది.

రైతునకు దీనిని బావితో చెప్పిన తేలికగా బోధపడును. రాత్రియంతయు ఊరుకున్న బావిలో తెల్లవారుసరికి నీరు నిండుగా కనబడును. ఇంజను పెట్టి తోడిన పావుగంటకు అడుగు బయటపడినచో, ఆ బావికి ఊట లేదని తెలిసికొందుము. నిలువనీటిని చూచి ఊటను నిర్ణయించు రైతు ఎవడును లేడు. బాటరీ వోల్టులు నిలువనీటి మట్టము వంటివి. యంత్రము ఊరక వినుచున్నప్పుడు బాటరీనుండి పారు విద్యుత్తు స్వల్పము, గాన మట్టము పడిపోదు, గీతలు నిండుగా కనబడును. మాటలాడుటకు మీట నొక్కగానే దానికి అనేక రెట్లు విద్యుత్తు కావలయును. లోపల ఊట యడుగంటిన బాటరీ ఆ తోడుడును తాళలేదు; వోల్టులు చటాలున పడిపోవును; యంత్రము ఆరిపోవును. మీట విడువగానే మట్టము మరల లేచును. అందుచేతనే మా నాలుగు గీతలు చచ్చినప్పుడెల్ల తిరిగి లేచినవి.

ఇప్పటి చేతిరేడియోలలో ఎక్కువగా లిథియం బాటరీ లుండును. ఒక్క గది గల దానిపై 3.7 వోల్టులని వ్రాసియుండును. పూర్తిగా ఛార్జి అయినప్పుడు అది 4.2 వోల్టులు చూపును. కాలముగడచిన కొలదియు దీనికి రెండు విధముల క్షయము కలుగును. ఒకటి, పట్టు తగ్గుట; అనగా గరిసె చిన్నదగుట. రెండవది, లోపలి నిరోధము పెరుగుట. అనగా గరిసె నోరు ఇరుకగుట. గీతలను చూచి యీ రెంటిలో దేనిని కనిపెట్టలేము. మొదటిదానిని గడియారముతోను, రెండవదానిని బరువుమోపియు తెలిసికొనవలెను.

పరీక్షకు పూనుకొనుటకు ముందు బాటరీని ఊడదీసి దాని లోహపు బిళ్లలను, యంత్రములోని స్ప్రింగులను పరికింపవలెను. ఉప్పుగాలి తగులు మన ప్రాంతమున వీనికి పచ్చని చిలుము పట్టును. చిలుము కూడ విద్యుత్తును అడ్డగించును, బాటరీ చెడినట్లే కనబడును. పెన్సిలు వ్రాత చెరిపెడు రబ్బరుతో రుద్ది, పొడిగుడ్డతో తుడిచినచో చాలును. చిలుమును చూడక మంచి బాటరీని పారవేసినవారిని మే మెరుగుదుము.

బరువుమోపు పరీక్ష మిక్కిలి సులభము. యంత్రమును పూర్తిగా ఛార్జిచేసి, ఒక గంట ఊరకుంచి, మీట పది సెకనులు నొక్కిపట్టి గీతలను చూడవలెను. నాలుగు గీతలు నాలుగుగానే నిలిచినను, ఒకటి తగ్గినను భయము లేదు. నాలుగు రెండై, మీట విడువగానే మరల నాలుగైనచో, దాని ఊట తగ్గినదని గ్రహింపవలెను.

గీతలు మోటు కొలత. నిజమయిన లెక్క కావలెనన్నచో సంఘమున ఒక మల్టీమీటరును, 8.2 ఓముల 10 వాట్ల నిరోధకమును ఉంచుకొనుట మంచిది. నిరోధకము రేడియో బాగుచేయువారి అంగడిలో టీ ఖరీదునకు దొరకును. మీటరును డీసీ వోల్టుల గుర్తుమీద ఉంచి మొదట బాటరీని ఊరక కొలువవలెను. తరువాత నిరోధకపు రెండు కొనలను బాటరీ బిళ్లలకు తాకించి, పది సెకనులకు మించకుండ మరల కొలువవలెను. 4.15 వోల్టులు 4.05 కు దిగినదనుకొందము. పడిపోయినది పదవవంతు వోల్టు. పారినది సుమారు అర ఆంపియరు. లోపలి నిరోధము ఓములో అయిదవవంతు. ఇది ఆరోగ్యము గల బాటరీ. మా గోదాము బాటరీ 4.1 నుండి 3.5 కు దిగినది. లెక్కవేయగా దాని లోపలి నిరోధము దాదాపు ఒకటిన్నర ఓము. ఇట్టిది టార్చిలైటునకు పనికివచ్చునేమో గాని, ప్రాణము లాధారపడిన మాటకు పనికిరాదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. మీటరు ఆంపియరుల గుర్తుమీద నుండగా బాటరీకి తగిలింపరాదు. బిళ్లలను తీగతో గాని, మొలత్రాటి వెండిబిళ్లతో గాని, జేబులోని తాళపుచెవులతో గాని ఒకదానితో నొకటి కలియనీయరాదు. లిథియం బాటరీ అట్లు కలిసినచో క్షణములో కాగి మండవచ్చును.

గడియారపు పరీక్ష

పట్టును కొలుచుటకు యంత్రముల వ్యాపారులు వాడు కొలత యొకటి కలదు. నూటికి అయిదు పాళ్లు మాటలాడుట, అయిదు పాళ్లు వినుట, తొంబది పాళ్లు ఊరకుండుట. డబ్బాపై "ఇన్ని గంటలు పనిచేయును" అని వ్రాయునది యీ లెక్కనే. దీనిని మనము గోదాములో కూర్చుండియే చేయవచ్చును. ప్రతి పది నిమిషములలో అరనిమిషము మాటలాడవలెను, అరనిమిషము ఎదుటివానిని వినవలెను, మిగిలిన తొమ్మిది నిమిషములు యంత్రమును వెలిగించియే ఉంచి మన పని చూచుకొనవలెను. యంత్రము బాటరీ అయిపోయినదని కూతపెట్టు వేళను పుస్తకమున వ్రాయవలెను. రాత్రివేళ ఆపదలచినచో యంత్రమును ఆర్పి, ఉదయమున వెలిగించి, గంటలను కలుపుకొనవచ్చును.

లెక్క యిట్లుండును. మా యంత్రము ఊరకున్నప్పుడు 50, వినునప్పుడు 150, మాటలాడునప్పుడు 450 మిల్లీ ఆంపియరులు త్రాగును. పై పాళ్ల ప్రకారము గంటకు సరాసరి 75. బాటరీ పట్టు 1500 గాన, 20 గంటలు రావలెను. కొన్ననాడు మాకు వచ్చినదియు అంతే. వరద తరువాత ఆరింటిని పరీక్షింపగా గోదాము బాటరీ 7 గంటలు మాత్రమే నిలిచెను. రేవువాని బాటరీ 13 గంటలు నిలిచెను. ఎవరును ముట్టక పెట్టెలో నుంచిన ఆరవది 17 గంటలు నిలిచెను. ఒకే నాడు, ఒకే అంగడిలో కొన్న బాటరీలలో ఇంత భేదము వచ్చుట చూచి పాలకవర్గమువారు ఆశ్చర్యపడిరి.

అయిదవవంతు పట్టు తగ్గిన బాటరీని మార్చుట వాడుక. సంఘమునకు అంత ఖర్చు భారమగునేని, 16 గంటలకు తగ్గినదానిని పంటకాలపు కాలువ పనులకును, వంతు నీటి మాటలకును వాడుకొని, వరదకు మాత్రము 16 గంటలకు పైబడినవే కేటాయింపవలెను. మేము బాటరీల వెనుక సున్నపు బొట్టు పెట్టి గుర్తించుచున్నాము. కొన్న నెలయు, సంవత్సరమును కాగితముపై వ్రాసి అంటించుట కూడ మంచిది.

వరదరాత్రి ఇరువది గంటలు వచ్చునని మాత్రము తలపరాదు. ఆ రాత్రి అందరికిని మాటలే. నూటికి ముప్పది పాళ్లు మాటలాడి, ముప్పది పాళ్లు విని, నలువది పాళ్లు ఊరకున్నచో గంటకు 200 మిల్లీ ఆంపియరులు ఖర్చగును. క్రొత్త బాటరీయే ఏడున్నర గంటలలో వట్టిపోవును. మా గోదాము బాటరీ వంటిది రెండున్నర గంటలు నిలిచిన గొప్ప. కావున "ఏమండీ, అక్కడ వాన ఎట్లున్నది, భోజనములైనవా" యను పలుకరింపులు చేతిరేడియోలో తగవు. గంటకొకసారి గంట కొట్టినట్లు పలికి, నీటిమట్టము చెప్పి, ఊరకుండవలెను.

ఎండ, ఛార్జరు, దాపుడు

గోదాము బాటరీ ఏల ముందుగా నశించెనో ఇప్పుడు చెప్పెదము. మేలుచేయుచున్నామనుకొని దానిని నిరంతరము ఛార్జరుమీద నిలిపితిమి. గోదాముపై రేకుల కప్పు. మే నెలలో లోపలి వేడిమి ఎట్లుండునో ధాన్యపు బస్తాలు మోయు కూలీల నడిగిన చెప్పుదురు. లిథియం బాటరీకి నిండు ఛార్జియు, వేడియు కలిసియుండుటకంటె హాని వేరొకటి లేదు. 45 డిగ్రీలకు మించిన వేడిలో దానిని ఛార్జి చేయనే కూడదు. పూర్తిగా వట్టిపోయిన బాటరీని నెలలతరబడి అట్లే వదలుటయు హానియే. అది మరల ఛార్జి తీసికొనకపోవచ్చును. నెల రెండునెలలు వాడకుండ దాచునప్పుడు సగము ఛార్జి చేసి, అనగా 3.8 వోల్టులకు దరిదాపుగా నుంచి, యంత్రమునుండి వేరుచేసి, పెంకుటింటి లోగదిలోనో, మట్టిగోడల నీడపట్టుననో దాచవలెను. ఆరవ బాటరీ మేలుగ నుండుటకు కారణము ఇదియే. దానిని ఎవరును శ్రద్ధగా కాపాడలేదు. కార్యదర్శిగారి ఇంటిలోని చందనపు పెట్టెలో సగము ఛార్జితో మరచిపోయిరి, అంతే.

దాచిన బాటరీని రెండు నెలలకొకమారు తీసి చూడవలెను. మొదటి హెచ్చరిక వెలువడిననాడు అన్నింటిని నిండుగా ఛార్జి చేయవలెను. కరెంటు పోయిన తరువాత ట్రాక్టరు బాటరీ అక్కరకు వచ్చును గాని, దాని 12 వోల్టులను చేతిరేడియో బాటరీకి నేరుగా తగిలించుట ప్రమాదము. కారులో సెల్‌ఫోనులకు వాడు చిన్న ఛార్జరు 12 వోల్టులను 5 కు దించును. చేతిరేడియో ఛార్జరునకు యూఎస్‌బీ తీగ కలదేని, దానిద్వారా ఛార్జి చేసికొనవచ్చును. క్రొత్త యంత్రము కొనువారు ఈ సదుపాయము గలదానినే అడిగి కొనవలెను.

పెన్సిలు బిళ్లలతో నడుచు యంత్రములును కలవు. వానిలో పాత క్రొత్త బిళ్లలను కలిపి వేయరాదు. మరల మరల ఛార్జిచేయదగిన నికెలు బిళ్లలు ఊరకున్నను తమంతట తామే కొంత ఛార్జిని కోల్పోవును గాన, వానిని హెచ్చరికనాడే నింపవలెను.

అమరికలు

ఇక పడవవాని యంత్రపు సంగతి. ఛానెలు అన్నిటియందును ఒకటే యుండవలెనని అందరెరుగుదురు. టోను సంగతి కొందరే యెరుగుదురు. మాటతోపాటు మన చెవికి వినరాని సన్నని హుంకారమునొకదానిని యంత్రము పంపగలదు. సెకనుకు 67 కంపనములు మొదలు 250 వరకు ఇట్టివి పలు రకములు గలవు. టోను పెట్టుకొన్న యంత్రము, అదే హుంకారము తోడుగా వచ్చిన మాటకే తలుపు తీయును. తక్కిన మాటలన్నిటిని లోనికి రానీయదు. టోను లేని యంత్రమునకు అందరి మాటలును వినబడును. పడవయంత్రమునకు టోను పడియుండెను, తక్కినవానికి లేదు. కావున పడవవాని మాట మాకు వినబడును, మా మాట అతనికి వినబడదు. ఆ సాయంకాలము అతడు తనంతట తాను పలికి "పడవ సిద్ధము" అని చెప్పగా విని, అంతయు సరిగానున్నదని మేము ఊరకుంటిమి. మే మిచ్చిన బదులు అతనికి చేరినదో లేదో విచారింపలేదు. పరీక్షయనిన, ఒకడు పిలువగా రెండవవాడు బదులు చెప్పుటయు, రెండవవాడు పిలువగా మొదటివాడు బదులు చెప్పుటయు, రెండును జరుగవలెను. ఆరు యంత్రములున్నచో ఒక్కొక్కటి తక్కిన అయిదింటితోను పలికి చూడవలెను.

మా మతమున గ్రామములవారు టోనును వాడకుండుటయే మేలు. ఇది రహస్యము కాపాడునని అంగడివారు చెప్పుదురు. అది పొరపాటు. టోను లేని యంత్రము గలవాడెవ్వడైనను మన మాట వినగలడు.

స్క్వెల్చ్ అనునది కాలువ తూము షట్టరు వంటిది. మాట లేనప్పుడు వచ్చు గరగర శబ్దమును అది ఆపును. షట్టరు మిక్కిలి ఎత్తున కట్టినచో సన్నని నీటిపాయ దాటలేనట్లు, స్క్వెల్చ్ అంకె ఎక్కువగా నున్నచో దూరపు సన్నని మాట మనకు చేరదు. అంకెను తగ్గించుచు పోయి, గరగర మొదలగుచోట ఒక్క మెట్టు పైకి నిలుపవలెను. గరగరను అట్లే వదలుట కూడ తగదు. ఆ శబ్దమునకు బాటరీయే కదా మూల్యము చెల్లించునది. మాట వచ్చునేమో యని అనుమానమున్నప్పుడు ప్రక్కనుండు మానిటరు మీట నొక్కినచో స్క్వెల్చ్ తాత్కాలికముగా తెరచుకొనును. గరగరలో మాట దాగియున్న వినబడును.

బాటరీ పొదుపు అమరికను తీసివేయ నక్కరలేదు గాని దాని స్వభావమును తెలిసికొనవలెను. పొదుపులో నున్న యంత్రము క్షణకాలము నిద్రించి, మేలుకొని, మరల నిద్రించుచుండును. మనము మీట నొక్కినవెంటనే పలికినచో మొదటి మాట దాని నిద్రలో పోవును. "ఆగి రండి" యని మనమనగా అచ్చట "రండి" యని మాత్రమే వినబడినచో ఏమి జరుగునో చెప్పనక్కరలేదు. మీట నొక్కి, మనసులో ఒకటి, రెండు అని యెంచి, పిదప పలుకవలెను. పలికిన తరువాత మీటను వెంటనే విడువవలెను. ఇద్దరును ఒక్కసారే నొక్కినచో ఎవరి మాటయు ఎవరికిని చేరదు.

మీట నొక్కకయే మాటకు యంత్రము మేలుకొను వోక్స్ అను అమరికను తప్పక ఆర్పవలెను. వానచప్పుడునకును, గేదె అరుపునకును అది మేలుకొని, తనంతట తానే పలుకుచు, తక్కినవారి దారి మూసి, బాటరీని త్రాగివేయును. ఛానెలులను వెదకుచుండు స్కాను కూడ ఆర్పవలసినదే. మీట ఇరుక్కొని నిలిచిపోయినను కొంతసేపటికి ప్రసారము ఆగునట్లు చేయు అమరికను 60 సెకనులకు పెట్టవలెను. ఇవన్నియు సరిచేసిన పిమ్మట మీటల తాళము వేయవలెను. పిల్లలు ఆడుకొనకుందురని మేము చెప్పలేము. తాళము వేయుట మాత్రము మన చేతిలోని పని.

ఏరియలును నిలువుగా పట్టవలెను. చేతిరేడియో అలయందు నాలుగవవంతు సుమారు 17 సెంటీమీటరులు, జానెడుకంటె కొంచెము తక్కువ. దానినిబట్టియే ఏరియలు ఆ మాత్రముండును, లేక చుట్టచుట్టి ఇంకను పొట్టిగా చేయబడును. దానిని విరిచిన చేత, వంచిన చేత బలము పోవును. తడిసిన అరటితోట చాటున నిలిచి పిలువగా వినబడని మాట, నాలుగడుగులు వేసి గట్టెక్కినంతనే వినబడును. ఆకులలోని నీరు అలను మ్రింగును. యంత్రమును పలుచని పాలిథీన్ సంచిలో కట్టి యుంచినను మాటకు కొరత లేదు. వానలో అట్లే వాడుట మంచిది.

ఏ యంత్రము పడిన ఆ యంత్రమును కొనరాదు. మన దేశమున 446.0 మొదలు 446.2 మెగాహెర్ట్జుల వరకు గల సన్నని పట్టీలో తక్కువ బలము గల చేతిరేడియోలను లైసెన్సు లేకయే వాడుటకు 2018 లో కేంద్ర ప్రభుత్వము నిబంధనలు చేసినది. మన యంత్రములు ఆ జాతివి, సుమారు అరవాటు బలము గలవి. ఎక్కువ బలము గల, ఇష్టమువచ్చిన ఛానెలునకు త్రిప్పుకొనదగిన యంత్రములు లైసెన్సు లేక వాడుట నేరము. అవి పోలీసువారి మాటలకును, ఇతర అత్యవసరపు మాటలకును అడ్డము రావచ్చును. ఆన్‌లైనులో ఇట్టివానిని విచ్చలవిడిగా అమ్ముచుండగా 2025 లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ అమ్మువారికి కట్టడులు విధించినది. కొనునప్పుడు పట్టీ ఏదో, ప్రభుత్వపు ఆమోదపత్రము కలదో లేదో అడిగి, బిల్లుమీద వ్రాయించుకొనవలెను.

మా సంఘమున ప్రతి సంవత్సరము జూన్ మొదటి ఆదివారమున ఆరు యంత్రములును గోదామునకు రావలెనని తీర్మానించుకొంటిమి. ఆ దినమున చిలుము తుడుచుట, బరువుమోపుట, ఒకదానితో నొకటి పలికించుట, తాళము వేయుట జరుగును. గడియారపు పరీక్ష ఆ వారములో ముగియును. గంటలను వ్రాయు పుస్తకము ఎరువుల నిలువ పుస్తకము ప్రక్కనే వ్రేలాడుచుండును; ఏ సభ్యుడైనను చూడవచ్చును. గేదెలు పోగొట్టుకొన్న సభ్యుడే ఇప్పుడు ఆ పుస్తకమును వ్రాయుచున్నాడు. మేమడుగలేదు, తానే తీసికొనెను.

పొట్ట ఉబ్బిన బాటరీ కనబడినచో దానిని మరల ఛార్జి చేయరాదు, గుచ్చరాదు, పొయ్యిలో వేయరాదు, కాలువలో విసరరాదు. గోదాము వాకిట మూలన ఇసుక నింపిన కుండ యొకటి యున్నది. చెడిన బాటరీల బిళ్లలపై అంటుటేపు వేసి, తెచ్చి అందులో పూడ్చిపెట్టవలెను. కుండ నిండిన తరువాత పట్టణమున పాత బాటరీలను తీసికొను కేంద్రమునకు సంఘము బండిలో పంపబడును.